45 దాటితే రంగులు వదిలేయాలా? ఆ రూలు వయసుది కాదక్కా, పెళ్ళి సంబంధాలది!

నమస్తే అక్కలూ, చెల్లెళ్ళూ, వదినలూ. ఈరోజు వంటలూ లేవు, షాపింగూ లేదు. ఆ రీల్ చూసినప్పటి నుంచి నాకు కడుపు మండిపోతోంది. అది తేల్చాకే మిగతావన్నీ.

ఏ రీలో మీకు తెలుసు. నలభై ఐదు దాటిన ఆడవాళ్ళు ముదురు రంగులు కట్టకూడదంట. పెద్ద అంచు వద్దంట. బొట్టు చిన్నదిగా ఉండాలంట, పూలు అసలే వద్దంట. లేత రంగులైతేనే హుందాగా ఉంటుందంట. ఒకావిడ చెప్పింది, మన చుట్టాల వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టేసింది. మా గ్రూపులో దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. పెట్టినవాళ్ళంతా ఆడవాళ్ళే!

నేను ఒక్క మాట చెప్తా, గట్టిగా చెప్తా. ఆ రూలు వయసుది కాదు. పెళ్ళి సంబంధాలది. ఇంట్లో కూతురు పెళ్ళీడుకు వచ్చింది కాబట్టి తల్లి రంగు తగ్గించుకోవాలి. అసలు సంగతి అంతే. దానికి పైన వయసు అని, హుందాతనం అని పేర్లు పెట్టారు.

కాదంటారా? మీ వీధిలోనే చూడండి. ఇద్దరు ఆడవాళ్ళు, ఇద్దరికీ నలభై ఆరే. ఒకామెకు లేటుగా పుట్టిన కొడుకు, ఇంకా ఎనిమిదో తరగతి. ఇంకొకామెకు ఇరవై రెండేళ్ళ కూతురు. ఇద్దరూ వంగపండు రంగు చీరలే కట్టుకొని పెళ్ళికి పోయినారు అనుకోండి. "ఈ వయసులో ఆ రంగేందమ్మా" అనే మాట ఎవరి మీద పడుతుంది? కూతురున్నామె మీదే. కొడుకున్నామెను ఎవరూ ఏమీ అనరు. మరి వయసు ఇద్దరిదీ ఒకటే కదా!

నాకు నలభై ఏడు. మా పాప బీటెక్ చదువుతోంది. ఈ మాట నాకు మొదట తగిలింది నలభై ఐదులో కాదు, పాప పెద్దమనిషి అయిన ఏడాది. అప్పటికి నాకు నలభై కూడా నిండలేదు. అంతకు ముందు రోజు వరకు అదే మనుషులు అదే చీర చూసి "ఎంతకు తీసుకున్నావు, అంచు భలే ఉంది" అని కొంగు పట్టుకొని చూసినవాళ్ళే.

మొన్న అనంతపురంలో మా చుట్టాలింట్లో పెళ్ళిచూపులు. హాల్లో కుర్చీలు వేసినారు, ప్లేట్లలో మైసూర్‌పాకు, మిక్చరు సర్దినారు. పెళ్ళికూతురి తల్లి నాకు అక్క వరస. ధర్మవరం పట్టు కట్టుకుంది, చిలకపచ్చ ఒళ్ళు, మిరపపండు రంగు అంచు. చూడముచ్చటగా ఉంది. ఇంతలో మా పెద్దమ్మ ఆమెను పక్క రూములోకి పిలిచి ఏమనిందో తెలుసా? "ఆ చీర ఇప్పేసి ఆ బిస్కెట్ రంగుది కట్టుకోపో. వాళ్ళు నిన్ను చూసేకొస్తాండారా, పాపను చూసేకొస్తాండారా?"

విన్నారా? పెద్దమ్మ నోట్లోంచి నిజం వచ్చేసింది. వయసు మాటే ఎత్తలేదు ఆమె!

మా అక్క ఎదురు చెప్పలేదు. భుజం మీద పిన్ను తీసింది, కుచ్చిళ్ళు లాగేసింది. పట్టుచీరను మంచం మీద పెట్టి, ఆ బిస్కెట్ రంగుది చుట్టుకుంది. అద్దం ముందు నిలబడి కుంకుమ బొట్టు తుడిచేసి చిన్న స్టిక్కరు అతికించుకుంది. జడలో ఒక మూర కనకాంబరాలు ఉంటే తీసి, పాప తలలో ఉన్న పూలకు కలిపి పెట్టింది. ఆమె పూలు కూడా పాపకే పోయినాయి. అదే టైములో బావ బయట నిలబడి ఉన్నాడు. యాభై రెండేళ్ళు, మీసానికి నల్లరంగు, గంజి పెట్టిన తెల్లచొక్కా. వచ్చినవాళ్ళందరూ "వయసే తెలీదన్నా నీకు" అని పొగుడుతుంటే మురిసిపోతున్నాడు. మగపిల్లవాడి తరఫువాళ్ళు ఆయన్ను చూడ్డానికి మాత్రం వచ్చినారా?

ఇంకో అన్యాయం చూడండి. పాప పెళ్ళయిపోతే మళ్ళీ మామూలుగా కట్టుకోవచ్చా? లేదు. అల్లుడొచ్చే ఇల్లు. ఆ తర్వాత కోడలొస్తుంది, "అత్తవైనావు, ఇంకా నీకెందుకు" అంటారు. ఆ తర్వాత మనవరాలు. ఈ రూలుకు మొదలుందే గానీ చివర లేదు.

సంప్రదాయం అంటారా? ఎవరి సంప్రదాయం? మన అనంతపురం చుట్టుపక్కల సుగాలీ తండాలకు పోండి. అద్దాలు కుట్టిన ఎర్రటి రవికె, గవ్వలు, ముంజేతి పైకి కూడా గాజులు. ఈ రోజుల్లో అవి ఎవరి ఒంటి మీద ఉన్నాయి? అవ్వల ఒంటి మీద. చిన్నపిల్లలు చుడీదార్లకు మారిపోయినారు, డెబ్బై ఏళ్ళ అవ్వలే ఆ రంగులు నిలబెట్టినారు. "ఈ వయసులో అద్దాలేంది" అని వాళ్ళను ఎవరైనా అడిగారా? అడిగి చూడమనండి, నాలుగు తగిలించి పంపిస్తారు.

మన దేశం మొత్తం చూసే రోజు ఒకటుంది, బడ్జెట్ రోజు. రాజకీయం పక్కన పెట్టండి, చీరలే మాట్లాడుకుందాం. నిర్మలా సీతారామన్ 2019లో గులాబి రంగు మంగళగిరి చీరలో వచ్చింది. 2023లో నల్ల అంచున్న ఎర్ర చీరలో వచ్చింది, అప్పటికి ఆమెకు అరవై మూడు. దాని మీద కర్ణాటక కసూతి పని, అంటే చేత్తో కుట్టే ఎంబ్రాయిడరీ. టీవీల్లో ఆ చీర గురించి ఎంతసేపు మాట్లాడినారో మీకు గుర్తుండే ఉంటుంది. అక్కడ ఎర్రరంగు హుందాగా ఉందంటే, అనంతపురం కల్యాణమండపంలో ఎందుకు ఉండదు?

ధర్మవరం మనకు పక్కనే. 2022లో జిల్లాలు విడదీశాక సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ, మనకు ఎప్పటికీ అనంతపురం చీరే. దాని అందమంతా పెద్ద అంచులో ఉంది, ఎదురు రంగు కొంగులో ఉంది. లేపాక్షి గుడి కప్పు మీద బొమ్మలు చూశారు కదా? విజయనగర రాజుల కాలం, విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు కట్టించిన గుడి. ఆ బొమ్మల్లో ఆడవాళ్ళ బట్టల మీదున్న గీతలు, పూలు, లతలు మన నేతవాళ్ళు చీరల మీదకు తెచ్చుకున్నారు. అలాంటి చీరకు "పెద్ద అంచు వద్దు" అంటే ఇక మిగిలేదేముంది!

నెమలికంఠం రంగు ఎట్లా వస్తుందో తెలుసా మీకు? పడుగు, అంటే నిలువు దారం ఒక రంగు, పేక, అంటే అడ్డ దారం ఇంకో రంగు. నీలం పడుగులో ఆకుపచ్చ పేక నేస్తే, ఎండలో ఒకలాగా, నీడలో ఇంకోలాగా కనపడుతుంది. కొంచెం కదిలితే చాలు, రంగు మారుతుంది. ఆ గొప్ప ఫోటోలో కనపడదు, కట్టుకొని నడిస్తేనే కనపడుతుంది. మరి మనమేం చేస్తున్నాం? బీరువాలో పెట్టి తాళం వేస్తున్నాం. "పాప పెళ్ళికి ఉంచుదాం."

మా వీధిలో ఒకక్క అట్లాగే ఉంచింది. తన పెళ్ళిచీర, మిరపపండు రంగు, వెండి జరీ. మడత మార్చకుండా, గాలి తగలకుండా ఏళ్ళ తరబడి పెట్టెలో. జరీ పక్కనే కలరా ఉండలు, అవి తగిలి జరీ నల్లబడింది. మొన్న నా ముందే విప్పింది. మడత ఉన్నచోటల్లా పాత కాగితం చినిగినట్టు చినిగిపోయింది. చేత్తో లాగలేదు, ఊరికే విప్పితేనే! పక్కనే కూతురు నిలబడి, "నాకొద్దుమ్మా, అంత బరువు నేను మోయలేను, లెహంగా కొనుక్కుంటా" అనేసింది. ఆ అక్క ముఖం చూడలేకపోయినా నేను. తను కట్టుకోలేదు, కూతురికీ అక్కర్లేకపోయింది. కూతురి కోసమని దాచింది ఎవరికీ కాకుండా పోయింది.

పట్టుచీరలున్నవాళ్ళు ఇది మాత్రం వినండి. నూలు గుడ్డలో చుట్టండి. మూడు నాలుగు నెలలకోసారి విప్పి, నీడలో గాలి తగలనిచ్చి, మడత వేరేచోట పడేలా మార్చండి. కలరా ఉండలు జరీకి తగలనివ్వద్దు. అన్నిటికంటే మంచిది, కట్టుకోండి.

ఇప్పుడు నైటీ సంగతి. ఇది చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. వెలిసిపోయిన నైటీ, భుజం మీద టవలు, అట్లాగే పాలప్యాకెట్టుకు, కూరగాయల బండి దగ్గరికి, మిద్దె మీద వడియాలకు. రోజంతా అదే. దాని గురించి ఆ రీల్ ఆవిడ ఒక్క మాటన్నా అనిందా? మా పెద్దమ్మ అంటుందా? అనరు. నైటీలో ఉన్న మనిషిని మగపిల్లవాడి తరఫువాళ్ళు చూడరు కాబట్టి! మన ఒంటి మీద బట్ట ఎట్లా ఉన్నా ఎవరికీ పట్టదు. సంబంధాలు చూసేవాళ్ళ కళ్ళు ఉన్న చోట, పెళ్ళిళ్ళలో, గుళ్ళో, ఫంక్షన్లలో మాత్రమే మన రంగు మీద కన్ను పడుతుంది. నా మాట నిజమని ఇంతకంటే ఏం కావాలి?

ఆ రీల్‌లో నిజంగా చెప్పాల్సిన మాట ఒకటుంది, దాన్ని వదిలేసింది. రంగు కాదు, గుడ్డ. నలభై ఐదు నుంచి యాభై ఐదు మధ్యలో చాలామందికి నెలసరి ఆగిపోతుంది. దానికి కొన్నేళ్ళ ముందు నుంచే ఉన్నట్టుండి ఒళ్ళు భగ్గుమనడం, మెడ, ముఖం ఎర్రబడడం, రాత్రిళ్ళు జాకెట్టు తడిసేంత చెమట. ఈస్ట్రోజన్ తగ్గేసరికి, ఒంటి వేడిని అదుపులో పెట్టే మెదడు భాగం చిన్న తేడాకే కంగారుపడుతుంది, అందుకే అట్లా అవుతుంది. కర్నూలు, అనంతపురం, కడపల్లో మే నెల ఎండ ఎట్లుంటుందో నేను చెప్పాలా? ఆ ఎండలో, ఆ వేడిలో మనకు హుందాతనం పేరుతో అంటగట్టే ఆ లేతరంగు చీరలు చాలావరకు పాలియెస్టరే. చెమట పీల్చదు, గాలి ఆడనివ్వదు. ఆ చీర కట్టుకొని పెళ్ళిలో వడ్డన దగ్గర గంటసేపు నిలబడి చూడమనండి ఆవిడను!

మనకేం తక్కువ? కడప జిల్లాలో మాధవరం నేత చీరలున్నాయి. 1938లో మాచాని సోమప్ప నేత సహకార సంఘం పెట్టిన ఎమ్మిగనూరు మన కర్నూలు జిల్లాలోనే ఉంది. నూలు కట్టండి, ముదురు రంగులో కట్టండి. పట్టు కొనేటప్పుడు అది అసలు పట్టేనని చెప్పే సిల్క్ మార్క్ లేబుల్ అడగండి. అనుమానం వస్తే కొంగు చివర ఒక దారం లాగి అగ్గిపుల్ల పెట్టండి. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ళ మధ్య పొడి అయిపోతుంది. పాలియెస్టరయితే కరిగి గట్టి ఉండ కడుతుంది.

లేత రంగులు ఇష్టమైనవాళ్ళు కట్టుకోండి, నాకేం పగ లేదు. గంధం రంగు చీర నాకూ ఉంది. ఎవరో పక్క రూములోకి పిలిచి మార్పించినందుకు కట్టుకోవద్దు, అంతే.

మా పాపకు ఈ రీల్ చూపించా. "నా పెళ్ళిచూపుల్లో నువ్వు అట్లాంటి మిరపపండు అంచు పట్టుచీరే కట్టుకో, దాన్ని చూసి వద్దనేవాళ్ళు నాకూ వద్దు" అనింది. కట్టుకుంటా. వీడియో కూడా తీసి పెడతా, మా పెద్దమ్మ పక్కనే నిలబడి.

ఇప్పుడు మీ పని. రెండే రెండు విషయాలు కింద రాయండి. "ఈ వయసులో ఆ రంగేంది" అని మీతో మొదట అనింది ఎవరు? ఆ రోజుకు మీ కూతురి వయసెంత? కూతుళ్ళు లేనివాళ్ళూ, కొడుకులు మాత్రమే ఉన్నవాళ్ళూ, మీరు తప్పకుండా రాయండి. నేను చెప్పింది తప్పయితే మీ జవాబుల్లోనే దొరికిపోతుంది. అన్నీ చదివి వచ్చే వీడియోలో చెప్తా.