మేత బస్తాల లెక్క, కాల్షియం డబ్బాల లెక్క

శ్రోతలకు నమస్కారం.

కోట, ముత్తుకూరు, విడవలూరు వైపు గానీ, అటు సింగరాయకొండ, కొత్తపట్నం వైపు గానీ రొయ్యల గుంటలు చేసేవాళ్లకి ఈరోజు చెప్పబోయే విషయం సగం ముందే తెలుసు. పక్క గుంట రైతు ఈ పంటలో ఎన్ని టన్నులు పట్టాడో చెప్పడనుకోండి. గట్టు మీదికి కూడా రానివ్వడనుకోండి. ఎన్ని బస్తాల మేత వేశాడో తెలిస్తే చాలు. 25 కిలోల బస్తాలు 600 అయితే 15 టన్నుల మేత. కిలో రొయ్యకి కిలోన్నర మేత పట్టిందనుకుంటే 10 టన్నులు. చెక్ ట్రేలు చూసుకుంటూ జాగ్రత్తగా వేసి, కిలో 200 గ్రాములతో సరిపెట్టాడనుకుంటే పన్నెండున్నర. అంతకు మించి పట్టడం కష్టం.

అదే ఆయన కొన్న సున్నం లెక్క చూస్తే ఏమీ తేలదు. సున్నం గుంటకీ వేస్తారు, గోడకీ వేస్తారు. రొయ్యల మేత రొయ్యలకే వేస్తారు. ఈ తేడా కాస్త మనసులో పెట్టుకోండి, మళ్లీ మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఒక దేశం అణు కార్యక్రమాన్ని గుట్టుగా నడుపుతుంటే బయటివాళ్లు దాన్ని అంచనా వేసే దారుల్లో ఇదొకటి. లోపలికి పోయే సరుకు లెక్క చూసి, బయటికొచ్చేది ఎంతో కట్టడం. దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఒకటుంది. అదే వివరంగా చెబుతాను.

1946 చివర, 1947 మొదలు. యుద్ధం అయిపోయింది. జర్మనీ తూర్పు భాగం సోవియట్ సైన్యం చేతిలో ఉంది. అక్కడ బిట్టర్‌ఫెల్డ్ అనే ఊళ్లో ఐజీ ఫార్బెన్ కంపెనీ వాళ్ల పాత రసాయనాల ఫ్యాక్టరీ ఉంది. అందులో కాల్షియం లోహం తయారవుతుంది. కాల్షియం అంటే మన సున్నంలో ఉండేదే, ఎముకల్లో ఉండేదే. కానీ లోహంగా విడదీస్తే దాని తీరు వేరు. వెండిలా మెరుస్తుంది, తేమ గాలి తగిలితే పాడైపోతుంది. అందుకే గాలి చొరకుండా మూసిన డబ్బాల్లో పంపాలి. ఆ రోజుల్లో దాని వాడకం బాగా తక్కువ. రైలు పెట్టెల బేరింగుల్లో వేసే సీసం మిశ్రమంలో కొంచెం, రసాయన పనుల్లో కొంచెం. అలాంటి సరుకుని నెలకు 30 టన్నులు చేయాలన్నారు సోవియట్ వాళ్లు. చేసిన సరుకు మాస్కోకి తూర్పున ఉన్న ఎలెక్ట్రోస్తాల్ అనే ఊరికి రైల్లో పోతోంది. ఈ కబురు అమెరికా, బ్రిటన్ నిఘా వాళ్ల చెవిన పడింది.

నెలకు 30 టన్నులు అనేది ఒక గుర్తు. అంతకన్నా గట్టి గుర్తు ఇంకొకటుంది. వాళ్లడిగింది మామూలు కాల్షియం కాదు, శూన్యంలో ఆవిరి చేసి, ఆ ఆవిరిని చల్లార్చి పట్టిన శుద్ధ కాల్షియం. అందులో బోరాన్ దాదాపు ఉండకూడదన్నారు. బేరింగుకి బోరాన్ ఉంటే ఏమిటి, లేకపోతే ఏమిటి? బోరాన్ గురించి అంత పట్టింపు ఉండేది అణు రియాక్టరు కట్టేవాళ్లకి. రియాక్టరుని నడిపేవి న్యూట్రాన్లనే కణాలు, బోరాన్ వాటిని మింగేస్తుంది. బరువుకి బరువు చూస్తే, ఒక గ్రాము బోరాన్ సుమారు 2 కిలోల సహజ యురేనియం మింగేటన్ని న్యూట్రాన్లని మింగుతుంది. రియాక్టరుకి ఇంధనం యురేనియం లోహం, దాన్ని రాబట్టడానికే ఈ కాల్షియం. ఆ యురేనియంలో బోరాన్ కాస్త కలిసినా రియాక్టరు రాజుకోదు. కాల్షియంని ఆవిరి చేస్తే బోరాన్ అడుగున మిగిలిపోతుంది. ఆ ఖర్చు, ఆ శ్రమ ఊరికే ఎవరూ పడరు.

ఇక లెక్క. యురేనియం డయాక్సైడ్ నుంచి గానీ, టెట్రాఫ్లోరైడ్ నుంచి గానీ లోహం రాబట్టాలంటే ఒక యురేనియం పరమాణువుకి రెండు కాల్షియం పరమాణువులు కావాలి. ఈ రెండింట్లో దేనితో మొదలుపెట్టినా రెండే. ఈ లెక్కలో నాకు ముచ్చటగా అనిపించేది అదే. లోపల ఈ రెండింట్లో ఏది వాడుతున్నారో తెలియకపోయినా నిష్పత్తి మారదు. యురేనియం పరమాణు భారం 238, రెండు కాల్షియంలది 80. అంటే 80 కిలోల కాల్షియంకి 238 కిలోల యురేనియం. కిలోకి దగ్గర దగ్గర 3 కిలోలు. 30 టన్నులకి 90 టన్నులు. కాగితం మీద ఇది గరిష్ఠం. పనిలో కాల్షియం కొంచెం ఎక్కువే వేయాలి. నాలుగో వంతు ఎక్కువ వేశారనుకుంటే 70 టన్నుల చిల్లర. కొంత దారిలో పాడై ఉంటుంది, కొంత గోడౌన్లో ఉంటుంది. అవీ తీసేయాలి. ఎంత తీసేసినా, అది ప్రయోగశాలలో చేసే పని కాదని తేలిపోతుంది. నెలకి పదుల టన్నులంటే పెద్ద రియాక్టర్లు నడపబోతున్నట్టే.

దీనికి తోడు మనిషి జాడ కూడా ఉంది. యుద్ధకాలంలో జర్మనీలో యురేనియం లోహం చేసిన శాస్త్రవేత్త నికొలాస్ రీల్‌ని 1945లో సోవియట్ వాళ్లు తీసుకెళ్లారు. ఆయన పని చేసింది ఆ ఎలెక్ట్రోస్తాల్‌లోనే. జర్మన్లు వాడినది కాల్షియం పద్ధతి. అమెరికా వాళ్లు అదే పని మెగ్నీషియంతో చేశారు. మెగ్నీషియం విమానాల్లో, బాంబుల్లో, బోలెడు చోట్ల వాడే లోహం. సోవియట్ వాళ్లు కూడా అదే కొని ఉంటే ఆ కొనుగోలు ఎవరి కంటా పడేది కాదు. మన సున్నం లాంటిదన్నమాట.

అంత మంచి లెక్క చేతిలో ఉండి కూడా అమెరికా ఒక చోట పొరబడింది. 1949 జూలైలో వాళ్ల అంచనా ఏమిటంటే, సోవియట్ బాంబు తొందరగా వస్తే 1950 మధ్యలో, ఎక్కువ అవకాశం మాత్రం 1953 మధ్యలో. అది పేలింది 1949 ఆగస్టు 29న. కాల్షియం లెక్కని ఇందుకు తప్పుపట్టలేం. లోహం చేశాక దాన్ని రియాక్టరులో పెట్టాలి, కొన్ని నెలలు మండించాలి, అందులో పుట్టిన ప్లూటోనియం అనే బాంబు సరుకుని విడదీయాలి. ఆ పనులు ఎంత చురుగ్గా సాగుతున్నాయో కాల్షియం డబ్బాలు చెప్పలేవు. మేత బస్తాలు చూసి పట్టుబడి ఎన్ని టన్నులో చెప్పొచ్చు గానీ, వల ఏ రోజు వేస్తారో చెప్పలేం కదా.

ఈరోజుల్లో కాల్షియం లెక్కతో ఈ పని జరగదు. స్టీలు ఫ్యాక్టరీలు టన్నుల కొద్దీ వాడుతున్నాయి, నీళ్లు పోయనక్కర్లేని కారు బ్యాటరీ పలకల్లోనూ అదే ఉంటోంది. కరెంటు లెక్క కూడా అంతే. యురేనియంలో పనికొచ్చే తేలిక రకం పాలు పెంచడానికి, దాన్ని వాయువుగా చేసి సన్న రంధ్రాల గుండా తోసే పాత వ్యాపన పద్ధతికి బోలెడు కరెంటు కావాలి. ఇప్పుడు ఆ వాయువుని గిరగిరా తిప్పే సెంట్రిఫ్యూజ్ యంత్రాలకి అందులో యాభయ్యో వంతు చాలు.

మరిప్పుడు దేన్ని చూడాలి? జిర్కోనియం అనే లోహాన్ని చూడొచ్చు. దాని ముడి ఖనిజం జిర్కాన్ మన ఇళ్లలో టైల్స్‌కి తెలుపు కోసం వాడేదే. దాని లెక్క వల్ల ఏమీ తెలియదు. కానీ జిర్కోనియంతో పాటు సహజంగా హాఫ్నియం అనే ఇంకో లోహం ఉంటుంది, అదీ న్యూట్రాన్లని మింగేదే. రియాక్టరు ఇంధన గొట్టాలకి వాడాలంటే దాన్ని తీసేయాలి. మన దేశంలో హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో ఆ పని చేస్తారు. కస్టమ్స్ వాళ్ల సరుకుల కోడ్‌లలో జిర్కోనియంది 8109. 2022 నుంచి దాన్ని రెండుగా విడగొట్టారు. 500 వంతుల జిర్కోనియంకి ఒక వంతు కన్నా తక్కువ హాఫ్నియం ఉన్నది ఒక పద్దు, మిగతాది ఇంకో పద్దు. బోరాన్ లేని కాల్షియం కథే ఇక్కడ కోడ్ రూపంలో ఉంది.

ఈ కోడ్‌ల కింద దేశాలు రాసుకునే ఎగుమతి, దిగుమతి అంకెలు తీసి చూసే విద్యార్థులకి ఒక్క మాట. అమ్మిన దేశం రాసుకున్నదీ, కొన్న దేశం రాసుకున్నదీ పక్కపక్కన పెట్టి చూడండి. చూసేటప్పుడు డబ్బు కాదు, బరువు చూడండి. ఎగుమతి చేసేవాళ్లు ఓడ ఎక్కేదాకా ఉన్న ధర రాస్తారు, దిగుమతి చేసుకునేవాళ్లు చాలా దేశాల్లో ఓడ బాడుగ, బీమా కలిపి రాస్తారు. అందుకే రూపాయల్లో తేడా ఎప్పుడూ ఉంటుంది. బరువులో తేడా ఉన్నా వెంటనే అనుమానపడొద్దు. డిసెంబరు చివర కృష్ణపట్నంలో ఎక్కిన సరుకు అవతలి రేవులో జనవరిలో దిగుతుంది, రెండు దేశాల పుస్తకాల్లో రెండు వేరే సంవత్సరాల్లో పడుతుంది. దారిలో మూడో దేశం రేవులో దించి ఎక్కిస్తే ఆ దేశం పేరు మీద పడొచ్చు. మూడు సంవత్సరాల అంకెలు కలిపి చూడండి. అప్పటికీ బరువు కలవకపోతే, ఆ పద్దు దగ్గర ఆగి వెతకడం మొదలుపెట్టండి.

నమస్కారం.