న్యూ ఆర్లీన్స్: ఒకే వరదలో మునిగిన రెండు ఇళ్ల లెక్క

నమస్కారం. అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ నగరాన్ని తాకిన కత్రినా హరికేన్ (పెనుతుఫాను) ప్రస్తావన వచ్చినప్పుడల్లా, "ప్రకృతి ముంచేసింది, రావాలనుకున్నవాళ్లు తిరిగి వచ్చారు, మిగిలినవాళ్లు వేరే ఊళ్లలో స్థిరపడ్డారు" అనే మాట వినబడుతూనే ఉంది. విన్న ప్రతిసారీ నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే అందులో మొదటి సగమూ తప్పే, రెండో సగమూ తప్పే.

[తెరపై: న్యూ ఆర్లీన్స్ కాలువల పటం]

2005 ఆగస్టు 29న నగరంలో సుమారు 80 శాతం నీట మునగడానికి ముఖ్య కారణం వరద గోడలు కూలిపోవడం. 17వ వీధి కాలువ, లండన్ అవెన్యూ కాలువల వద్ద నీరు అంచు దాటి పొంగకముందే, పునాది కింది మట్టి నిలవక గోడలు ఒరిగిపోయాయి. వాటిని రూపొందించిన సైనిక ఇంజనీర్ల విభాగమే 2006లో తన డిజైన్ లోపాలను అంగీకరించింది.

ఇక తిరిగి రావడం సంగతి. రెండు ఇళ్లను ఊహించుకోండి. రెండూ ఒకే కొలతల చెక్క ఇళ్లు, రెండింటిలోనూ కప్పు దాకా నీరు నిలిచింది, రెండింటి మరమ్మతుకూ 1,20,000 డాలర్లు కావాలి. మొదటిది తెల్లవారు ఎక్కువగా ఉండే లేక్‌వ్యూలో ఉంది; దాని మార్కెట్ విలువ 2,00,000 డాలర్లు అనుకుందాం. రెండోది నల్లజాతివారు తరతరాలుగా సొంత ఇళ్లు కట్టుకుని బతికిన లోయర్ నైన్త్ వార్డ్‌లో ఉంది. దాని విలువ 60,000 అనుకుందాం. లూసియానా రాష్ట్రం సమాఖ్య నిధులతో నడిపిన 'రోడ్ హోమ్' పథకం, వరదకు ముందున్న విలువ, మరమ్మతు ఖర్చు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దాన్నే ప్రాతిపదికగా తీసుకుని, అందులోంచి బీమా సొమ్మును మినహాయించేది. మొదటి ఇంటికి లెక్క 1,20,000 దగ్గర మొదలవుతుంది, రెండో ఇంటికి 60,000 దగ్గరే ఆగిపోతుంది. మేకులూ చెక్కలూ రెండు పేటల్లోనూ ఒకే ధరకు దొరుకుతాయి కదా!

పైగా ఆ రెండో ఇంటి దస్తావేజు చాలా సందర్భాల్లో చనిపోయిన తాత పేరు మీదే ఉండిపోయింది. వారసులు యాజమాన్యం నిరూపించుకునేదాకా దరఖాస్తు కదలదు. ఇల్లు లేనివాడు ఓటుకు మాత్రం ఎలా వస్తాడు? అందుకే ఈ సూత్రాన్ని నేను రాజకీయ నిర్ణయం అంటున్నాను. 2000లో 4,84,674గా ఉన్న జనాభా 2010కి 3,43,829కి పడిపోయింది.

[తెరపై: 2006 జనవరి నాటి ప్రణాళిక పటం, ఆకుపచ్చ చుక్కలు]

పల్లపు పేటలను ఉద్యానవనాలుగా మార్చవచ్చని సూచించే ఈ పటం వెలువడగానే, చుక్క పడిన బ్రాడ్‌మూర్ వాసులు సంఘటితమై సొంత పునర్నిర్మాణ ప్రణాళిక రాసుకున్నారు. ఆ సంఘానికి నాయకత్వం వహించిన లటోయా కాంట్రెల్ 2018లో నగరానికి తొలి మహిళా మేయర్ అయ్యారు. వరద నాటి మేయర్ రే నేగిన్ 2006లో మళ్లీ గెలిచి, 2014లో లంచాల కేసులో జైలుకు వెళ్లారు. మధ్యలో 2010 నుంచి ఎనిమిదేళ్లు మిచ్ లాండ్రూ పాలించారు.

సమయం తక్కువగా ఉంది కనుక మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. అద్దె ఇళ్లవారికి రోడ్ హోమ్ సాయం ఎలాగూ లేదు. నాలుగు పెద్ద ప్రభుత్వ గృహ సముదాయాల కూల్చివేతకు నగర కౌన్సిల్ 2007 డిసెంబరులో ఏకగ్రీవంగా ఆమోదం తెలిపింది. పేదల ఆసుపత్రి అయిన చారిటీ మళ్లీ తెరుచుకోలేదు. వేలాది బడి ఉద్యోగులను తొలగించి, బడులను చార్టర్ సంస్థలకు, అంటే ప్రభుత్వ నిధులతోనే బడులను స్వతంత్రంగా నడిపే సంస్థలకు, అప్పగించారు. సుమారు 14.5 బిలియన్ డాలర్లతో కట్టిన కొత్త వరద రక్షణ వ్యవస్థ మాత్రం 2021లో ఐడా హరికేన్‌కు తట్టుకుని నిలిచింది.

మళ్లీ మన రెండో ఇంటికి వద్దాం. పరిహార సూత్రంపై వేసిన వివక్ష దావా 2011లో 62 మిలియన్ డాలర్ల ఒప్పందంతో ముగిసింది. అయితే అంతకుముందే చాలామంది, ఇంటిని ఎత్తు పెంచుకోవడానికి విడిగా ఇచ్చిన 30,000 డాలర్ల వరకు సొమ్మును, అసలు పరిహారం చాలక, గోడలకూ పైకప్పుకూ ఖర్చు పెట్టుకున్నారు. ఆ సొమ్ము తిరిగి కట్టమని రాష్ట్రమే వేలమందిపై కోర్టుకెక్కింది. ఆ కేసులను 2023లో గానీ విరమించుకోలేదు.