తెర మీద స్వరాలు మాయమయ్యే గేమ్: రాక్‌స్మిత్ 2014 రివ్యూ

నమస్కారం. ముందుగా నా ఎడమచేతి వేళ్ల కొసలు చూడండి, కెమెరాకు దగ్గరగా పెడుతున్నాను. చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలు, మూడూ కాయలు కాచాయి. వీడియో గేమ్ ఆడితే వచ్చిన కాయలివి అంటే మా అమ్మ ఇప్పటికీ నమ్మదు.

ఆ గేమ్ రాక్‌స్మిత్ 2014. యూబీసాఫ్ట్ దీన్ని 2013లో విడుదల చేసింది. 2005లో వచ్చిన గిటార్ హీరో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అందులో ప్లాస్టిక్ గిటార్, దాని మెడ మీద ఐదు రంగుల మీటలు. తీగలే ఉండవు. ఏళ్ల తరబడి ఆడితే లయ కుదురుతుందేమో గానీ గిటార్ చేతికి రాదు. రాక్‌స్మిత్‌కు మాత్రం అసలు గిటారే కావాలి. ఒక కొసన గిటార్ జాక్, రెండో కొసన యూఎస్‌బీ ఉన్న కేబుల్ దీనికోసమే చేశారు. దాన్ని తగిలిస్తే మీరు మీటిన తీగ ఏ స్వరం పలికిందో గేమ్ వింటుంది. శ్రుతి కూడా తనే సరిచూస్తుంది.

తెర మీద ఆరు తీగలకు ఆరు రంగులు. లావుపాటి తీగ ఎరుపు, అన్నిటికంటే సన్నది ఊదా. స్వరాలు దూరం నుంచి మన వైపు జారి వస్తాయి. మొదట్లో పాట మొత్తం ఇవ్వదు, అక్కడొకటి ఇక్కడొకటి ఇస్తుంది. బాగా వాయిస్తే మరికొన్ని కలుపుతుంది, తడబడితే తగ్గిస్తుంది.

నేను ఎక్కువ సాయంత్రాలు గడిపింది రిఫ్ రిపీటర్‌లో. పాటలో కష్టమైన ముక్కను ఎంచుకుని, వేగం తగ్గించి, ఎన్నిసార్లైనా తిప్పి వాయించవచ్చు. సి కార్డ్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి పలికించే పట్టు) నుంచి ఎఫ్ కార్డ్‌కు మారడం నాకు కొరకరాని కొయ్య అయింది. ఎఫ్‌కు చూపుడు వేలును మొదటి ఫ్రెట్ (మెడ మీది లోహపు పట్టీల మధ్య గడి) మీద అడ్డంగా పరిచి తీగలన్నీ ఒక్కసారే నొక్కాలి. నాలుగు రోజులు అదే ముక్క. ఐదో రోజు గేమ్ సరే అంది. కానీ నా చెవికి రెండో తీగ మొద్దుగా, ‘టక్’మని పలికింది. గేమ్ ఒప్పుకున్నా ఆ ఎఫ్ సరైనది కాదు. ఈ సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి: గేమ్ మార్కులు వేస్తుంది, నాదం బాగుందో లేదో మీ చెవే చెప్పాలి.

చేయి ఎలా పెట్టారో కూడా దానికి కనబడదు. రెండు వారాలు నా మణికట్టు నొప్పి పెట్టింది. మా వీధిలో గిటార్ నేర్పే మాస్టారు ఒకసారి చూసి, బొటనవేలిని మెడ వెనక మధ్యకు జరిపారు. అంతే, నొప్పి తగ్గుముఖం పట్టింది. అందుకే నెలకొకసారైనా తెలిసినవాళ్లకు మీ చేయి చూపించండి.

ఇక నా మనసు దోచుకున్నది మాస్టర్ మోడ్. ఒక భాగం మీకు పట్టుబడిందని తెలిస్తే, తెర మీద ఆ స్వరాలు మెల్లగా మసకబారి మాయమవుతాయి. నోటికి వచ్చిన పద్యానికి పుస్తకం అక్కర్లేదు కదా! మొదటిసారి తెర ఖాళీ అయినప్పుడు నాకు గుండె దడదడలాడింది. వేళ్లు మాత్రం ఆగలేదు. రంగులు చూసి నొక్కడానికీ, పాట తెలిసి వాయించడానికీ ఎంత తేడా ఉందో నాకు ఆ రోజే తెలిసింది.

కొనేవారికి రెండు మాటలు. హెచ్‌డీఎంఐ ద్వారా టీవీ స్పీకర్లలో వింటే మీటిన స్వరం ఆలస్యంగా వినిపించి లయ తప్పిస్తుంది. ధ్వనిని వేరే కేబుల్ ద్వారా స్పీకర్లకో హెడ్‌ఫోన్‌కో ఇవ్వండి. తెలుగు పాటల కోసమైతే కొనకండి, ఉన్నవి ఎక్కువగా ఇంగ్లిష్ రాక్ పాటలే. దీని తర్వాత 2022లో వచ్చిన రాక్‌స్మిత్ ప్లస్‌కు చందా కట్టాలి. అందులో కేబుల్ లేకపోయినా ఫోన్ మైక్ సరిపోతుంది.

ఇప్పుడు టీవీ ఆపేశాను, కేబుల్ కూడా తీసేశాను. ఆ సి, ఆ ఎఫ్ వినండి. రెండో తీగ ఎలా పలుకుతోందో కామెంట్లలో చెప్పండి.