బోరు నీళ్లలో విషలోహాలు ఉంటే మన డీఎన్ఏకి ఏమవుతుంది?

నమస్తే అండీ. ఈ గ్లాసులో ఉన్నవి గాజువాకలో మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్లు. టీడీఎస్ మీటర్ పెడుతున్నా, చూడండి... 412. 'ఐదొందల లోపే కదా, తాగేయొచ్చు' అంటారు చాలామంది. కానీ ఈ మీటర్ చెప్పేది కరిగిన లవణాలన్నీ కలిపి లీటరుకి సుమారు ఎన్ని మిల్లీగ్రాములని, అంతే. మన దేశంలో ప్రమాణాలు పెట్టే సంస్థ బీఐఎస్ ప్రకారం ఆర్సెనిక్ లీటరుకి 0.01 మిల్లీగ్రాము, కాడ్మియం 0.003 దాటకూడదు. దానికి పది రెట్లున్నా ఇక్కడ అంకె కదలదు. రుచి మారదు, వాసనా రాదు.

సరే, ఒంట్లోకి వెళ్లాక ఏం చేస్తాయి? హెక్సావాలెంట్ క్రోమియం, అంటే క్రోమియంలో ఎక్కువ విషపూరితమైన రూపం, చూడ్డానికి సల్ఫేట్‌లా ఉంటుంది కాబట్టి కణం దాన్ని లోపలికి రానిచ్చేస్తుంది, అక్కడ విటమిన్ సి లాంటివి దాని రూపం మార్చేస్తాయి, ఆ మారిన క్రోమియం వెళ్లి డీఎన్ఏకి అతుక్కుంటుంది. ఆర్సెనిక్ సంగతి వేరు, నాకు ఎక్కువ భయం వేసేది దానితోనే. ఏ విషమూ లేకపోయినా మన ఒక్కో కణంలో డీఎన్ఏ రోజూ వేల చోట్ల దెబ్బతింటుంది, రిపేరు చేసే ప్రొటీన్లు ఎప్పటికప్పుడు సరిచేస్తుంటాయి. వాటిలో కొన్ని పనిచేయాలంటే జింక్ ఉండాలి. ఆర్సెనిక్, కాడ్మియం ఆ జింక్‌ని తోసేసి దాని చోట్లో కూర్చుంటాయి. రోడ్డు మీద గుంతలు పడుతూనే ఉంటాయి, పూడ్చేవాళ్లు మాత్రం రారు. ఒక్క గ్లాసుతో ఏమీ కాదు, టెన్షన్ పడకండి, కానీ అవే నీళ్లు ఏళ్ల తరబడి తాగితే చర్మం, మూత్రాశయం, ఊపిరితిత్తుల క్యాన్సర్లు రావచ్చు.

కాచితే పోతాయా అంటే పోవు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడతాయి. యూవీ సూక్ష్మజీవుల్ని చంపుతుంది గానీ లోహాల జోలికి పోదు. ఆర్‌ఓ చాలావరకు తగ్గిస్తుంది, అదీ మెంబ్రేన్ బాగుంటేనే.

మేఘాద్రి గెడ్డ, రైవాడ రిజర్వాయర్ల నుంచి వచ్చే మున్సిపల్ నీళ్లనైనా శుద్ధి చేసి పంపుతారు, మన బోరుని మనమే చూసుకోవాలి. ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌ల నాణ్యత చూసి గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి వెళ్లి, వట్టి 'వాటర్ టెస్ట్' అనకుండా ఆర్సెనిక్, లెడ్, కాడ్మియం, క్రోమియం అని పేర్లు చెప్పి అడగండి. సీసా వాళ్లే ఇస్తే అందులో కొంచెం యాసిడ్ ఉండొచ్చు, కడిగేయకండి. రిపోర్టులో 'బీడీఎల్' అని, అంటే మెషీన్ పట్టుకోగలిగే హద్దు కంటే తక్కువ అని ఉంటే, వాళ్ల మెషీన్ పట్టుకోగలిగే కనీస మోతాదు ఎంతో అడగండి. అది బీఐఎస్ హద్దు కంటే ఎక్కువుంటే ఆ రిపోర్టు పనికిరాదు, ఇంకో ల్యాబ్‌లో చేయించండి.