నైటీ గుమ్మం దాటిన రోజు

శ్రోతలకు నమస్కారం.

ఒడిశాలోని మా బరంపురంలో పొద్దున్నే పాలకోసం బయల్దేరితే వీధికి పదిమంది నైటీల్లో కనిపిస్తారు. భుజాన ఒక చున్నీయో తువ్వాలో ఉంటుంది. ఎవరూ తల తిప్పి చూడరు. నా చిన్నప్పుడు నైటీతో కొళాయి దగ్గరికి వచ్చిన ఒక కొత్తకోడలి గురించి మాత్రం వీధివీధంతా వారం రోజులు చెప్పుకున్నారు. "పడుకునే బట్టలతో రోడ్డెక్కిందమ్మా" అంది మా నాయనమ్మ.

అదే నాయనమ్మ, మోకాళ్ల నొప్పులొచ్చాక నైటీలోకి మారింది. మొదట గదిలో, తర్వాత వరండాలో, ఆఖరికి అరుగు మీద. మేం నవ్వితే "గాలాడుతోందే, మీకేం తెలుసు" అనేది.

ఆ భుజం మీది తువ్వాలు ఒంటిని దాచడానికి కాదని నా అనుమానం. "నాకూ మర్యాద తెలుసు" అని వీధికి చూపించే చీటీ అది. అమ్మాయిలు జీన్స్ మొదలుపెట్టినప్పుడూ అంతే, పైన మోకాళ్లదాకా కుర్తీ ఉండాల్సిందే. కొన్నాళ్లకు కుర్తీ పొట్టిదైంది. ఇప్పుడా గొడవే లేదు.

జీన్స్ కథ ఇంకా తమాషా. 1873లో అమెరికాలో లేవీ స్ట్రాస్, జేకబ్ డేవిస్ అనే ఇద్దరు, కూలీల ప్యాంట్లు జేబుల దగ్గర చిరిగిపోకుండా రివెట్లు కొట్టి పేటెంటు తీసుకున్నారు. చిరగకూడదనే కదా ఆ తిప్పలు! వందేళ్లు తిరిగాక, 1970లలో లండన్‌లో పంక్ అనే తిరుగుబాటు సంగీతం పిచ్చి పట్టిన కుర్రకారు బట్టలు కావాలనే చింపి పిన్నీసులు గుచ్చుకున్నారు. వాళ్లది లోకం మీద కోపం. మా వాడిది కోపమూ కాదు, ఏమీ కాదు, పెద్ద బజార్లో డబ్బులిచ్చి చిరుగుల జీన్స్ కొన్నాడు. పొడవు తగ్గించమని దర్జీకిస్తే, ఆయన పొడవు తగ్గించి, మోకాళ్ల దగ్గర చిరుగులు కూడా శుభ్రంగా కుట్టిపెట్టాడు. ఎక్కువ డబ్బులు కూడా అడగలేదు పాపం.

మా ఊరికి వింత వేషాలు కొత్తా అంటే, కాదు. రెండేళ్లకోసారి ఠాకురాణి అమ్మవారి యాత్రలో మొక్కున్న మగవాళ్లు ఒంటినిండా పులిచారలు పూసుకుని వీధుల్లో ఆడతారు. అందరం దండం పెడతాం. యాత్ర అయ్యాక ఆ కుర్రాడే చెవికి పోగు పెట్టుకుంటే ఇంట్లో టెన్షన్.

ఇక రాయగడ వైపు నియమగిరి కొండల మీద డోంగ్రియా కోంధులనే గిరిజనులున్నారు. మగవాళ్లే జుట్టు పెంచి ముడేసుకుని దువ్వెన గుచ్చుకుంటారు, ముక్కుకు రింగులు పెట్టుకుంటారు. పెళ్లికాని ఆడపిల్లలు అన్నకో, నచ్చినవాడికో సూదితో కుట్టి ఇచ్చే శాలువా కపడాగండా. ఆ ఎరుపు, పసుపు, ఆకుపచ్చ కుట్టుకి 2024లో భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్ వచ్చింది. వాళ్లు సంతకు దిగితే నవ్విన పట్నం వాళ్లే ఇవాళ ఎగ్జిబిషన్లో క్యూ కట్టి ఆ శాలువా కొంటున్నారు. నవ్వినందుకు ఎవరూ సిగ్గుపడినట్టు మాత్రం కనిపించదు.

పోయిన చలికాలం ఆ కొండల కింది చాటికోనలో బుధవారం సంతకు వెళ్లాం. మా వాడు కూడా జుట్టు పెంచి వెనక ముడేశాడు. ఇంట్లో దానిమీద పెద్ద యుద్ధమే నడిచింది. సంతలో ఒక డోంగ్రియా పెద్దాయన వాణ్ణి ఎగాదిగా చూసి, పక్కాయనతో కువి భాషలో ఏదో అని నవ్వాడు. ఏమన్నాడని పసుపు అమ్మే ఆమెను అడిగాను.

"ముడి వదులుగా ఉందట, జారిపోతుందట" అని ఒడియాలో చెప్పింది.