పర్సనాలిటీ టెస్టుల స్టార్టప్‌ను పిచ్ చేయడం ఎలా?

అందరికీ నమస్కారం.

ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది రిక్రూట్‌మెంట్ రంగంలో స్టార్టప్ మొదలుపెట్టినవాళ్లు, లేదా మొదలుపెట్టబోతున్నవాళ్లు అని నిర్వాహకులు చెప్పారు. అందులోనూ పర్సనాలిటీ టెస్టు పెట్టి సరైన మనిషిని ఎంపిక చేసి ఇస్తామనేవాళ్లే ఎక్కువట. అందుకని స్లైడ్లు ఎన్ని ఉండాలి, అక్షరాలు ఎంత పెద్దగా ఉండాలి లాంటి మాటలు పక్కనపెట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

ఈ తరహా పిచ్‌లలో ఒక ఘట్టం తప్పకుండా ఉంటుంది. ఫౌండర్ తన ఫోన్ ఇన్వెస్టర్ చేతికిచ్చి, "మీరే ఒకసారి టెస్ట్ చేసి చూడండి సార్" అంటాడు. ఐదు నిమిషాల్లో రిపోర్టు వస్తుంది. "పైకి ధీమాగా కనిపిస్తారు గానీ, నిర్ణయం తీసుకున్నాక అది సరైనదేనా అని లోలోపల ఆలోచిస్తూనే ఉంటారు. రూల్స్ మరీ ఎక్కువైతే మీకు ఊపిరాడదు. మీలో ఇంకా వాడుకోని శక్తి చాలా ఉంది." ఆయన చదువుకుని, "అరె, అచ్చం నా గురించే రాసినట్టుందే!" అంటారు. అందరూ నవ్వుతారు. ఇక చెక్కు రాయడమే తరువాయి అనుకుంటాడు ఫౌండర్.

1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన విద్యార్థులకు ఒక పర్సనాలిటీ టెస్టు పెట్టాడు. తర్వాత ఒక్కొక్కరికీ "ఇది నీ ఫలితం" అని ఒక కాగితం ఇచ్చి, అది తమకు ఎంత సరిపోయిందో ఐదుకు మార్కులు వేయమన్నాడు. సగటు 4.26 వచ్చింది. అందరి చేతుల్లోనూ ఉన్నది ఒకే రాత. అందులో ఎక్కువ భాగం ఆయన ఒక జ్యోతిషం పుస్తకంలోంచి ఏరుకున్న వాక్యాలు.

కాబట్టి ఇన్వెస్టర్ ముచ్చటపడ్డారంటే మీ రిపోర్టు బాగా రాశారని అర్థం. మీ టెస్టు పనిచేస్తుందనడానికి అది రుజువు కాదు. ఫోరర్ సంగతి తెలిసినవాళ్లు ఎదురుగా ఉంటే ఆ డెమోతోనే మీ మార్కులు తగ్గడం మొదలవుతుంది. దాన్ని పిచ్‌లోంచి తీసేయమని నా సలహా. ఆ ఐదు నిమిషాలు వేరేదానికి కావాలి.

దేనికంటే, రెండు వరసల అంకెలకి. ఒక వరసలో ఉద్యోగంలో చేరకముందు టెస్టులో వచ్చిన స్కోరు. పక్క వరసలో అదే మనిషి ఆరు నెలల తర్వాత ఎలా పనిచేస్తున్నాడు, అసలు ఉన్నాడా, మానేశాడా. ఈ రెండింటికీ పొంతన ఎంత? మీ కంపెనీ విలువ మొత్తం అక్కడే ఉంది. మిగతా స్లైడ్లు ఆ స్లైడు చుట్టూ తిరగాలి.

ఇంకా కస్టమర్లే లేరు, ఆ అంకెలు ఎక్కడి నుంచి తెస్తాం అంటారు. న్యాయమైన ప్రశ్నే. దానికి వస్తాను. ముందు ఈ రంగంలో ఇప్పటికే తేలిన సంగతులు కొన్ని చూద్దాం, ఎందుకంటే మీరు సున్నా నుంచి మొదలుపెట్టనక్కర్లేదు.

వ్యక్తిత్వాన్ని ప్రశ్నాపత్రంతో కొలవడం మొదటి ప్రపంచ యుద్ధం నాటి పని. యుద్ధం ఒత్తిడికి ఏ సైనికుడు కుప్పకూలతాడో ముందే పసిగట్టాలని 1917 ప్రాంతంలో రాబర్ట్ వుడ్‌వర్త్ ఒక ప్రశ్నావళి తయారుచేశాడు. 1936లో ఆల్‌పోర్ట్, ఆడ్‌బర్ట్ ఇంగ్లీషు నిఘంటువు ముందేసుకుని మనిషి తీరును చెప్పే మాటలు 17,953 ఏరారు. ఆ జాబితాను దశాబ్దాలపాటు వడగట్టగా వడగట్టగా ఐదు లక్షణాలు మిగిలాయి: కొత్తదనం పట్ల ఆసక్తి, పద్ధతిగా బాధ్యతగా పనిచేయడం, నలుగురిలో కలివిడిగా ఉండటం, సర్దుకుపోవడం, తొందరగా కలత చెందడం. పరిశోధకులు ఎక్కువమంది ఒప్పుకునే కొలమానం ఈ ఐదింటిదే. మనుషులను నాలుగు అక్షరాల కోడ్‌లతో 16 రకాలుగా విడగొట్టే మయర్స్-బ్రిగ్స్ టెస్టుకు పేరు చాలా ఉంది. కానీ ఉద్యోగుల ఎంపికకు దాన్ని వాడవద్దని ఆ టెస్టును అమ్మేవాళ్లే చెబుతారు. మీ స్లైడ్లలో ఆ నాలుగు అక్షరాల కోడ్ కనిపిస్తే చదువుకున్న ఇన్వెస్టర్ అక్కడే ఆగిపోతారు.

ఇక ఉద్యోగంలో పనితీరు సంగతి. 1965లో గ్వియన్, గాటియర్ అప్పటివరకు వచ్చిన పరిశోధనలన్నీ తిరగేసి, వ్యక్తిత్వ పరీక్షలను ఎంపికకు వాడటానికి తగిన ఆధారం కనబడటం లేదని తేల్చారు. ఆ దెబ్బతో పాతికేళ్లు ఈ రంగం మూలన పడింది. 1991లో బారిక్, మౌంట్ ఐదు లక్షణాల లెక్కన పాత ఫలితాలన్నీ కలిపి చూసేసరికి ఒక్కటి మాత్రం అన్ని రకాల ఉద్యోగాల్లోనూ పనికొచ్చింది: పద్ధతిగా, బాధ్యతగా ఉండే గుణం. పనితీరుతో దాని సహసంబంధం, అంటే రెండింటికీ ఎంత పొంతన ఉందో చెప్పే అంకె (0 అంటే ఏమీ లేదు, 1 అంటే పూర్తిగా), 0.2 చుట్టుపక్కల. 2022లో సాకెట్ బృందం పాత లెక్కలను సరిచేసినప్పుడూ ఈ గుణానికి 0.19 వచ్చింది. అదే పట్టికలో, అందరినీ ఒకే ప్రశ్నలడిగి ముందే అనుకున్న పద్ధతిలో మార్కులు వేసే ఇంటర్వ్యూకి 0.42.

అంటే మీ అసలు పోటీదారు ఇంకో స్టార్టప్ కాదు. ఒక తెల్ల కాగితం మీద రాసుకున్న పది మంచి ప్రశ్నలు. ఆ మాట ఇన్వెస్టర్ అనేదాకా ఆగకండి, మీరే అనండి. వెంటనే, మరి మా టెస్టు ఎందుకు అనేది చెప్పండి. ఐదు వేలమంది దరఖాస్తు చేస్తే ఐదు వేలమందిని ఇంటర్వ్యూ చేయడం ఎవరి తరం కాదు. టెస్టుకైతే ఐదు వేలూ ఒకటే, ఐదూ ఒకటే.

0.2 అనగానే కొందరి మొహం వాడిపోతుంది. వాడిపోనక్కర్లేదు, అలాగని దాచనూ అక్కర్లేదు. 1939లో టేలర్, రసెల్ అనే ఇద్దరు కొన్ని పట్టికలు వేశారు, ఇప్పటికీ పనికొస్తాయి. ఒక కంపెనీలో చేరినవాళ్లలో నూటికి 50 మంది బాగా పనిచేస్తున్నారనుకోండి. మీ టెస్టుకు పనితీరుతో సహసంబంధం 0.2. దరఖాస్తు చేసినవాళ్లలో సగం మందిని తీసుకుంటే ఆ 50 కాస్తా 56 అవుతుంది. పదిమందిలో ఒక్కరినే తీసుకునే చోటైతే 64 అవుతుంది. టెస్టు అదే, ప్రశ్నలు అవే. ఎంతమందిలోంచి ఏరుతున్నారన్నదాన్ని బట్టి ఫలితం మారిపోయింది.

ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే మీ ధర నిర్ణయించేది ఈ లెక్కే. చాలామంది ఒక్కో టెస్టుకు ఇంత అని రేటు పెడతారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ హెచ్ఆర్ మేనేజర్ ఏం చేస్తాడు? ఖర్చు తగ్గించుకోవడానికి అందరికీ టెస్టు పెట్టడు. రెజ్యూమేలు చూసి, ఫోన్‌లో మాట్లాడి, ఇంటర్వ్యూ కూడా అయ్యాక మిగిలిన ముగ్గురికి పెడతాడు. ఆ ముగ్గురిలో ఇద్దరిని ఎలాగూ తీసుకుంటాడు. అప్పుడు మీ టెస్టు చేసే మేలు దాదాపు ఏమీ ఉండదు, ఏడాది తిరిగేసరికి "మీ వల్ల పెద్ద తేడా కనబడలేదండీ" అని మానేస్తాడు. తప్పు టెస్టుది కాదు, రేటు పెట్టిన పద్ధతిది. దరఖాస్తులు ఎన్ని వచ్చినా ఒకే మొత్తం అన్నట్టు, ఒక ఉద్యోగానికి ఇంత అనో, సంవత్సరానికి ఇంత అనో పెట్టండి. అప్పుడే టెస్టు మొదటి మెట్టు మీదకి వస్తుంది. మా ధర ఇలా ఎందుకుందంటే అని ఈ లెక్క చూపించగలిగిన ఫౌండర్‌ను ఇన్వెస్టర్ మర్చిపోరు.

సరే, అభ్యర్థి వైపు నుంచి చూద్దాం. ఉద్యోగం అత్యవసరమైన ఒక అమ్మాయి బస్సులో నిలబడి ఫోన్‌లో మీ టెస్టు చేస్తోంది. తెర మీద "నేను పనులను సమయానికి పూర్తి చేస్తాను" అని ఉంది. కింద ఐదు గుండ్రాలు: "అస్సలు కాదు" నుంచి "పూర్తిగా నిజం" వరకు. ఆమె ఏది నొక్కుతుంది? మీరైనా, నేనైనా అదే నొక్కుతాం. అది అబద్ధం అని కూడా అనను, ఇంటర్వ్యూకి ఇస్త్రీ చొక్కా వేసుకెళ్లడం లాంటిదే. కాకపోతే అందరూ "పూర్తిగా నిజం" దగ్గరే గుమిగూడితే ఎవరు ఎవరో తెలియదు.

దీనికి వాడుకలో ఉన్న మందు, రెండు మంచి మాటలు పక్కపక్కన పెట్టి ఒకటే ఎంచుకోమనడం. "గడువుకు ముందే పని ముగిస్తాను", "టీమ్‌లో మాటామాటా పెరిగితే నేనే సర్దిచెబుతాను." ఇప్పుడు ఏది నొక్కితే మార్కులు వస్తాయో చెప్పడం కష్టం. కానీ దీనికీ ఒక చిక్కు ఉంది. మామూలుగా లెక్కేస్తే ఒక మనిషిలో ఏ గుణం ఎక్కువ, ఏది తక్కువ అన్నదే తెలుస్తుంది, ఇద్దరు మనుషులను పోల్చడానికి కుదరదు. పోల్చాలంటే వేరే గణిత నమూనాలు కావాలి, అవి తెలిసిన మనిషి కావాలి. మీ బృందంలో ఆ పని వచ్చినవాళ్లు ఎవరో స్లైడులో పేరు పెట్టి చెప్పండి. ముగ్గురూ కోడింగ్ వాళ్లే ఉంటే, ఇన్వెస్టర్ మొదట అడిగేది దాని గురించే.

ఇప్పుడు వాయిదా వేసిన ప్రశ్న. అంకెలు ఎక్కడి నుంచి వస్తాయి?

దగ్గరి దారి ఒకటుంది. ఏదైనా కంపెనీలో ఇప్పటికే ఉన్న ఉద్యోగులకు టెస్టు పెట్టి, మేనేజర్ ఇచ్చిన రేటింగుతో పోల్చడం. రెండు వారాల పని. అయితే పనిలో ఉన్నవాళ్లకు గొప్పలు చెప్పుకోవాల్సిన అవసరం లేదు, దరఖాస్తు పెట్టినవాళ్లకు ఉంది. పైగా మానేసి వెళ్లిపోయినవాళ్లు ఆ లెక్కలోకి రానే రారు, మీ కస్టమర్ తల పట్టుకునేదేమో వాళ్ల గురించే. కాబట్టి దీన్ని మొదటి అడుగుగా చూపించండి, రుజువుగా కాదు.

గట్టి దారి ఇంకొకటి. ఒకే ఉద్యోగానికి వందలమందిని తీసుకునే ఒక కస్టమర్‌ను పట్టుకోండి. కాల్ సెంటరో, డెలివరీనో, సేల్స్ బృందమో. దరఖాస్తుదారులందరికీ టెస్టు పెట్టండి, కానీ స్కోర్లు ఎవరికీ చూపించకండి. హెచ్ఆర్ వాళ్లు ఎప్పటిలాగే ఎంపిక చేసుకుంటారు. ఆరు నెలలయ్యాక తాళం తీసి పోల్చండి. ఉచితంగా చేసిపెట్టినా ఫర్వాలేదు, ఒప్పందంలో మాత్రం పనితీరు వివరాలు ఇస్తామని రాయించుకోండి. ఈ వాక్యం లేని పైలట్ ప్రాజెక్టు మీ స్లైడుకి ఎన్ని కంపెనీల లోగోలు తెచ్చిపెట్టినా వృథా.

ఎంతమంది కావాలి? సహసంబంధం నిజంగా 0.2 అయితే, దాన్ని నమ్మకంగా పట్టుకోవడానికి సుమారు 200 మంది చేరాలి. 30 మందితో చేసిన అధ్యయనంలో 0.36 దాటితే తప్ప అది కాకతాళీయం కాదని చెప్పలేం. "మా పైలట్‌లో 25 మంది మీద అద్భుతమైన ఫలితాలొచ్చాయి" అనే స్లైడు చూసినప్పుడల్లా నాకు ఆ ఫౌండర్ మీద జాలి వేస్తుంది, ఎందుకంటే తర్వాత వచ్చే ప్రశ్నకి అతని దగ్గర జవాబు ఉండదు.

ఈ డేటాతో ఇంకో లాభం. "రేపు పెద్ద కంపెనీ ఇదే టెస్టు పెడితే మీ గతేంటి?" అని తప్పకుండా అడుగుతారు. ప్రశ్నలు మా సొంతం, మా అల్గారిదమ్ రహస్యం అనకండి. ఇంటర్నేషనల్ పర్సనాలిటీ ఐటమ్ పూల్ అని ఒకటుంది, 3,000కి పైగా ప్రశ్నలు ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ప్రశ్నలకు కొరత లేదు. ఫలానా ఉద్యోగంలో ఫలానా స్కోరు వచ్చినవాళ్లు ఆరు నెలల్లో ఏమయ్యారు అన్న లెక్కకే కొరత. అది ఎవరి దగ్గర ఎక్కువుంటే వాళ్లదే పైచేయి.

చట్టం గురించి రెండు ముక్కలు. అమెరికాలో 1971లో సుప్రీంకోర్టు ఇచ్చిన గ్రిగ్స్ తీర్పు నుంచి, ఉద్దేశం ఏదైనా సరే, ఒక వర్గాన్ని ఎక్కువగా వడగట్టేసే పరీక్షకు ఉద్యోగంతో సంబంధం ఉందని కంపెనీయే చూపించాలి. 1978 నాటి మార్గదర్శకాలు ఒక కొండగుర్తు ఇచ్చాయి: ఎక్కువమంది నెగ్గే వర్గపు రేటులో ఐదింట నాలుగు వంతుల కంటే ఇంకో వర్గపు రేటు తగ్గితే ప్రశ్నలు మొదలవుతాయి. మానసిక అనారోగ్యాన్ని గుర్తించడానికి పుట్టిన టెస్టును పదోన్నతులకు వాడితే అది వైద్య పరీక్షే అవుతుందని 2005లో అక్కడి అప్పీలు కోర్టు ఒకటి చెప్పింది. యూరప్‌లో 2024 నాటి ఏఐ చట్టం ఉద్యోగుల ఎంపికకు వాడే వ్యవస్థలను ఎక్కువ ముప్పు ఉన్నవాటిలో చేర్చింది. మీరు ఏ దేశంలో అమ్మినా, ఏ వర్గంలో ఎంతమంది నెగ్గారన్న లెక్క మొదటి రోజు నుంచే రాసిపెట్టుకోండి. తర్వాత తవ్వితీయడం నరకం.

చివరగా, డబ్బు ఎంత అడగాలి? ఇంత వాటాకి ఇంత అని గుండ్రటి అంకె చెప్పేముందు క్యాలెండర్ చూసుకోండి. కస్టమర్‌ను ఒప్పించడానికి మూడు నెలలు, ఆ 200 మంది చేరడానికి మూడు నెలలు, పనితీరు తెలియడానికి ఆరు నెలలు. ఏడాది అక్కడే అయిపోయింది. ఫలితం చేతిలో పెట్టుకుని తర్వాతి రౌండు పెట్టుబడికి తిరగడానికి ఇంకో ఆరు నెలలు వేసుకోండి. పద్దెనిమిది నెలలకు తక్కువ అడిగితే, ఫలితం రాకముందే మళ్లీ చేయి చాచాల్సి వస్తుంది. ఇన్వెస్టర్ కూడా అది గమనిస్తారు.

ఆ ఏడాది తర్వాత సహసంబంధం సున్నా అని తేలితే ఏం చేస్తారని అడుగుతారు. "అలా జరగదు సార్" అనకండి. అప్పటికి మీ చేతిలో ఒక ఉద్యోగానికి వచ్చిన దరఖాస్తులు, చేరినవాళ్లు, వాళ్ల పనితీరు అన్నీ ఒకే చోట ఉంటాయి. అదే ఏర్పాటులో పర్సనాలిటీ టెస్టు బదులు ఇరవై నిమిషాల పని నమూనా పెట్టి చూడొచ్చు: సేల్స్ అయితే ఒక కోపిష్టి కస్టమర్ ఫోన్ కాల్, డెలివరీ అయితే ఒక రూట్ ప్లాన్. ఏది పెడతారో, ఎప్పుడు నిర్ణయిస్తారో ముందే స్లైడులో రాసి ఉంచండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి. ముందు వరస నుంచి మొదలుపెడదాం.