ఆదివారం ఫోన్-ఇన్: పిల్లలు చదివే ఘాటు ప్రేమ నవలలు

యాంకర్: నమస్కారం. ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగు శ్రోతలందరికీ స్వాగతం. ఈ రోజు మాట్లాడుకునేది ఇంగ్లీషులోనూ, యాప్‌ల్లో తెలుగులోనూ వస్తున్న ఘాటు ప్రేమ నవలల గురించి, వాటిలోని ‘ఆల్ఫా’ హీరోల గురించి, అంటే అంతా తన మాటే చెల్లాలనుకునే మగవాళ్ళ గురించి. కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి, ఇప్పుడు కుటుంబాలకి కౌన్సెలింగ్ చేస్తున్న మేడమ్ మనతో ఉన్నారు. మొదటి కాల్ రాయగడ నుంచి. చెప్పండి.

రాయగడ కాలర్: నమస్తే మేడమ్. ఆ నవలల్లో హీరో ఆరడుగుల పొడుగు, కోట్ల ఆస్తి, ఎవరి మాటా వినడు. ఆడవాళ్ళకి అలాంటోడే కావాలా? మేం చిన్న ఉద్యోగాలు చేసుకునేవాళ్ళం.

మేడమ్: కోట్లు పైపై మెరుపు బాబూ. అంత పెద్ద మనిషి తన ధ్యాసంతా ఒక్కామె మీదే పెడతాడు. ఆమె తిన్నదా లేదా, ఎందుకు ముభావంగా ఉంది, అన్నీ గమనిస్తాడు. చదివేవాళ్ళకి నచ్చేది అది. దానికి డబ్బు అక్కర్లేదు.

రాయగడ కాలర్: ఇంకొకటి మేడమ్...

యాంకర్: థాంక్యూ అండి, లైన్లో చాలామంది ఉన్నారు. హలో, పర్లాకిమిడి?

పర్లాకిమిడి కాలర్: హలో... వినబడతందా అండి?

యాంకర్: వినబడుతోందమ్మా. మీ రేడియో కొంచెం తగ్గించండి.

పర్లాకిమిడి కాలర్: తగ్గించేనండి. మా పాప బరంపురంలో డిగ్రీ చదువుతంది, హాస్టల్లో ఉంటంది. సెలవులకి వచ్చింది. చిన్నప్పట్నుంచి ఇంగ్లీషు మీడియమండి, తెలుగు మాట్లాడతాది గానీ చదవడం రాదు. అర్ధరాత్రి దాకా ఫోనే. ఏటే అది అంటే నవలంటది. చూసేను. అట్ట మీద చొక్కా లేని మనిషి. నాకు ఇంగ్లీషు రాదు కదా, లోపలేటుందో తెలీదు. మా ఆడపడుచు కూతురు చదివి, ‘అన్నీ రాసేసేరత్తా’ అంది. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. ఫోన్ లాగేసుకోమంటారా మేడమ్?

మేడమ్: పాపకి ఎన్నేళ్ళమ్మా?

పర్లాకిమిడి కాలర్: పందొమ్మిది నిండేయండి.

మేడమ్: అయితే ఆమె పెద్దది. ఫోన్ లాక్కోకండి. లాక్కుంటే చదవడం ఆగదు, మీతో చెప్పడం ఆగిపోతుంది. మీరు పెళ్ళికి ముందు నవలలు చదవలేదా?

పర్లాకిమిడి కాలర్: చదివేనండి. అద్దెకి తెచ్చుకుని, మా అమ్మ చూడకుండా బియ్యం డబ్బా వెనకాల పెట్టి. యద్దనపూడి ‘సెక్రటరీ’ ఎన్నిసార్లు చదివేనో! అందులో హీరో రాజశేఖరం అంటే మా వీధి ఆడపిల్లలందరికీ పిచ్చేనండి. కానీ అందులో ఇలాటివేవీ లేవు కదా!

మేడమ్: లేవు. పడకగది గుమ్మం దగ్గరే కథ ఆగేది. మనిషి మాత్రం అలాంటివాడే కదమ్మా, డబ్బు, హుందా, బెట్టు, లోపల దాచుకున్న ప్రేమ. కానీ అక్కడ హీరోయిన్ జయంతి తన అభిమానం చంపుకోలేదు. నేను ఏ నవలలోనైనా ముందు అదే చూస్తాను. ఆమె వద్దంటే అతను ఆగుతున్నాడా? 1970లలో అమెరికాలో వచ్చిన ప్రేమ నవలల్లో హీరో బలవంతం చెయ్యడం, ఆ తర్వాత ఆమె అతన్నే ప్రేమించడం చాలా ఉండేది. ఇప్పుడు చాలామంది రచయిత్రులు అలా రాయరు, హీరో అడిగి, ఆమె ఒప్పుకున్నాకే దగ్గరకొస్తాడు. కథలో హింస ఉంటే మొదటి పేజీలోనే హెచ్చరిక వేసేవాళ్ళూ ఉన్నారు. అన్నిటినీ ఒకే గాటన కట్టకండి. పందొమ్మిదేళ్ళ పిల్లకి కోరిక గురించి తెలియడం తప్పు కాదు.

పర్లాకిమిడి కాలర్: అయితే ఫోన్ తీసుకోవద్దంటారు.

మేడమ్: వద్దన్నానమ్మా.

పర్లాకిమిడి కాలర్: అది కాదండి... కాలేజీలో ఒక అబ్బాయి ఉన్నాడండి. ఫోన్ ఎత్తకపోతే కేకలేస్తాడు. ఎవరితో మాట్లాడేవు, ఫోటో ఎందుకు పెట్టేవు అంటాడంట. రాత్రిపూట హాస్టల్ గేటు దగ్గర నిలబడతాడంట. ఇదేటే అని అడిగితే, ‘పొసెసివ్ అమ్మా, అంత ప్రేమ’ అంటంది. ఆ పుస్తకాల్లో హీరోలు అలాగే ఉంటారంట.

మేడమ్: ఇది ముందే చెప్పాలమ్మా! ఇప్పుడు జాగ్రత్తగా వినండి. ఈ నవలల్లో చాలావాటిలో ఒక అధ్యాయం ఆమె చెబుతుంది, ఇంకో అధ్యాయం అతను చెబుతాడు. అతని మనసులో ప్రేమే ఉందని మనకి ముందే తెలిసిపోతుంది. చివర ఇద్దరూ సుఖంగా ఉంటారనీ తెలుసు, ఆ ముగింపు లేకపోతే దాన్ని ప్రేమ నవల అని అమ్మరు. అందుకే అతను ఎంత అరిచినా చదివేవాళ్ళకి భయం వెయ్యదు. బయటి అబ్బాయి మనసులో ఏముందో మనకి ఎవరూ రాసిపెట్టలేదు. ముగింపు ఏమిటో కూడా తెలియదు.

పర్లాకిమిడి కాలర్: మరి నేనేటి చెయ్యాలండి? ఫోన్...

మేడమ్: ఫోన్ మాట మళ్ళీ ఎత్తకండి! అది లాక్కుంటే రేపు ఆ అబ్బాయి ఏం చేసినా మీకు తెలియదు. పాప పక్కన కూర్చుని, ఆ నవల కథ తెలుగులో చెప్పమనండి. చెబుతుంటే మధ్యలో అడగండి, ఈమె వద్దంటే అతను ఆగాడా, స్నేహితుల్ని కలవనిచ్చాడా అని. తర్వాత అవే ప్రశ్నలు ఆ అబ్బాయి గురించి అడగండి. ఒకరోజు ‘ఇవాళ చదువుకోవాలి, ఫోన్ చెయ్యకు’ అని అతనికి చెప్పమనండి. ఆ రోజు అతనెలా ఉంటాడో ఆమే చూస్తుంది. నాకు ఇష్టం లేదని ఆమె స్పష్టంగా చెప్పాక కూడా వెంటపడితే, భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద అది నేరం. మహిళా హెల్ప్‌లైన్ 181 రాసుకోండి. గేటు దగ్గర నిలబడే సంగతి వార్డెన్‌కి ఇప్పుడే తెలియాలి, పాపకి చెప్పి మరీ చెప్పండి.

పర్లాకిమిడి కాలర్: వాళ్ళ నాన్నకి చెప్పమంటారా? చెబితే చదువు మానిపించేస్తారండి.

మేడమ్: అయితే ముందు ఆయనతో చదువు ఆపనని మాట తీసుకోండి. ఆ అబ్బాయి చేసినదానికి శిక్ష మీ పిల్లకి పడకూడదు. ధైర్యంగా ఉండండమ్మా. పాప మీకు ఇంత చెప్పిందంటే మిమ్మల్ని నమ్ముతోంది.

పర్లాకిమిడి కాలర్: సరేనండి... ఉంటానండి.

యాంకర్: థాంక్యూ అమ్మా. జయపురం నుంచి...

జయపురం కాలర్: నేను రిటైరయిన ఉద్యోగినమ్మా. ఈ బూతు పుస్తకాలు మొత్తం నిషేధించాలి. మన సంస్కృతి...

మేడమ్: మీరు ఒక్కటైనా చదివారా అండీ?

జయపురం కాలర్: చదవక్కర్లేదు!

మేడమ్: చదివి ఫోన్ చెయ్యండి, మాట్లాడుకుందాం. ప్రేమ నవలలు అచ్చేసే మిల్స్ అండ్ బూన్ కంపెనీ లండన్‌లో మొదలైంది 1908లో, మన దేశంలో ఆఫీసు పెట్టింది 2008లో. అంతకు ఎంతో ముందునుంచీ మన ఆడపిల్లలు చదువుతూనే ఉన్నారు. నిషేధిస్తే మళ్ళీ బియ్యం డబ్బా వెనక్కి చేరతాయి. పద్దెనిమిది నిండని పిల్లల విషయమంటారా, అక్కడ మీతో ఏకీభవిస్తాను, వాళ్ళకి ఇవి వద్దు.

యాంకర్: థాంక్యూ అండి. గుణుపురం?

గుణుపురం కాలర్: మేడమ్, నాకు పెళ్ళై ఇద్దరు పిల్లలు. మా దగ్గర తెలుగు పుస్తకాల కొట్టు లేదు, యాప్‌లో చదువుతాను. వంట అయ్యాక, పిల్లలు పడుకున్నాక. మా ఆయన చూసి ‘ఇవా నువ్వు చదివేది’ అన్నారు. సిగ్గేసింది. మానేయాలా?

మేడమ్: ఎందుకు మానాలమ్మా? ఇల్లంతా చూసుకున్నాక ఆ కాసేపు మీది. ఒకటే చూసుకోండి, ఎపిసోడ్ ఎపిసోడ్‌కీ కాయిన్లు కొంటూ డబ్బు పోనివ్వకండి. వీలైతే మీకు నచ్చిన ఒక పేజీ ఆయనకి చదివి వినిపించండి. నవల్లో హీరో తీరిగ్గా కూర్చుని ఆమె మాట వింటాడు కదా, మీకు కావాల్సింది అదేనేమో. ఆయనకి ఎవరూ చెప్పి ఉండరు.

గుణుపురం కాలర్: (నవ్వుతూ) ప్రయత్నిస్తానండి.

యాంకర్: ఆఖరి కాల్, బరంపురం. త్వరగా అడగండి.

బరంపురం కాలర్: మేడమ్, ఆఫీసులో బాస్‌తో ప్రేమ, ఆ కథలు నాకు చాలా ఇష్టం. నిజంగా మా ఆఫీసులో కూడా...

మేడమ్: ఆగమ్మా. మీరు వద్దంటే ఆయన ఆగుతారా? మీ జీతం, ప్రమోషన్ ఆయన చేతిలో ఉన్నాయి కదా, నవల్లో అది కనపడదు. ఇబ్బంది పెడితే, పనిచేసే చోట ఆడవాళ్ళపై లైంగిక వేధింపులకి 2013 చట్టం ఉంది, పదిమందో అంతకన్నా ఎక్కువో పనిచేసే చోట ఫిర్యాదుల కమిటీ ఉండి తీరాలి. మీరు...

యాంకర్: సారీ మేడమ్, లైన్ కట్ అయింది. సమయం కూడా అయిపోయింది. బరంపురం నుంచి మాట్లాడినవారు వచ్చే ఆదివారం మళ్ళీ చెయ్యండి, మొదటి కాల్ మీదే తీసుకుంటాం.